గుజరాతీ గల్లీలో ఓ గొంతు కోసం

అరవై ఏళ్లకు దగ్గరపడ్డ ఓ వాల్వు యాంప్లిఫయరు. ఎనభై రెండేళ్ల పెదనాన్న. ఆ ఇద్దరికీ సరిపడే స్పీకరు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ కోఠిలో మూడు రోజులపాటు సాగిన వెతుకులాట ఇది.

తెనాలిలో మా పాత ఇల్లు అమ్మేశాం. సామాన్లు సర్దుతున్న రోజు పాత ఇనుము కొనే అతను వచ్చాడు. అటక మీంచి దించిన బూడిదరంగు ఇనప పెట్టెను రెండు చేతులా ఎత్తి చూసి, 'లోపల రాగి బాగానే ఉందండీ. తూకం లెక్కన తీసేసుకుంటా' అన్నాడు. పెదనాన్న ఏమీ మాట్లాడలేదు. భుజం మీది కండువా తీసి ఆ పెట్టె మీది దుమ్ము తుడవడం మొదలెట్టాడు. అంతే! అది అమ్మేది కాదని అందరికీ అర్థమైపోయింది.

అది ఆయన మైకుసెట్టు. 1968లో, పాతికేళ్ల వయసులో, మద్రాసు వెళ్లి కొనుక్కొచ్చుకున్న ముప్పై వాట్ల వాల్వు యాంప్లిఫయరు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే, శ్రీరామనవమి పందిరంటే, ఎన్నికల సభంటే ఆ పెట్టె ఎడ్లబండి ఎక్కాల్సిందే. కొబ్బరిచెట్టుకి ఒకటి, రావిచెట్టుకి ఒకటి చొప్పున నాలుగు హారన్లు కట్టి పాట వేస్తే పొలిమేర దాకా వినపడేదట. తర్వాత క్యాసెట్లొచ్చాయి, ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లొచ్చాయి. హారన్లు ఎవరికో అమ్మేశారు. పెట్టె మాత్రం అటకెక్కింది.

కిందటేడు పెద్దమ్మ పోయింది. పెదనాన్న చిక్కడపల్లిలో మా దగ్గరికి వచ్చేశాడు. వినికిడి కాస్త తగ్గింది. 'టీవీలో శబ్దం వినపడుతోందిరా, మాటలే తెలియడం లేదు' అంటాడు. డాక్టరు చెవి మిషను ఇచ్చారు. అది ఎక్కువగా డ్రాయర్లోనే ఉంటోంది. రోజంతా బాల్కనీలో మౌనంగా కూర్చునే మనిషి, హైదరాబాద్ చేరిన ఆ పెట్టె దగ్గర మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. దానికి ఒక గొంతు ఇవ్వాలనిపించింది. పది వేలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం చేసుకుని కోఠికి బయల్దేరాను.

రెండో స్టేషన్లో దిగితే...

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ, ఆ తర్వాత సుల్తాన్ బజార్. 2020 ఫిబ్రవరిలో ఈ దారిలో రైళ్లు మొదలయ్యాక కోఠి ప్రయాణం నిమిషాల్లోకి వచ్చేసింది. కానీ స్టేషను మెట్లు దిగామా... మళ్లీ అదే పాత కోఠి! గాజుల దుకాణాలు, చీరల బేరాలు, పాత పుస్తకాల వరసలు, వాటి మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ వెళ్లే ఆటోలు. కోఠి అంటే పెద్ద బంగళా. ఈ ప్రాంతానికి ఆ పేరు రావడానికి కారణమైన రెసిడెన్సీ భవనం ఇక్కడికి దగ్గరే. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో కట్టింది. 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది దీనిమీదే. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణం.

బ్యాంక్ స్ట్రీట్ దాటి లోపలికి వెళితే గుజరాతీ గల్లీ. పేరుకి గల్లీయే కానీ వైర్లు, మైకులు, సీసీ కెమెరాలు, రిమోట్లు, ఎల్ఈడీ లైట్లు... కరెంటుతో పనిచేసే వస్తువు ఏదైనా ఇక్కడ దొరక్కపోతే ఆశ్చర్యపోవాలి. దుకాణాల ముందు ఒకదానిమీద ఒకటి పేర్చిన స్పీకర్లు నల్లటి కళ్లతో దారిన పోయేవాళ్లనే చూస్తున్నట్టుంటాయి. ఒక షాపులో 'హలో, చెక్' అంటుంటే ఎదురు షాపులో బ్యాండు పాట దద్దరిల్లుతుంటుంది.

ముందుగా పెట్టెకి వైద్యం. మూడో అంతస్తులో, సోల్డరింగ్ వాసన నిండిన చిన్న గదిలో ఉంటాడు మెకానిక్. పెట్టె మూత తీయగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాడు. నీరసించిన రెండు పెద్ద వాల్వులు పీకేసి రష్యాలో తయారైనవి పెట్టాడు. ఒకప్పుడు బెంగళూరులోని మన భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాల్సిందే.

'ఈ ఇనుము, రాగి ముద్ద ఉంది చూశారూ... మీ ఆస్తి ఇదే' అన్నాడాయన, లోపలున్న ట్రాన్స్‌ఫార్మరు మీద తడుతూ. వాల్వు ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. స్పీకరుకి కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఆ ఇద్దరికీ మధ్య దుబాసీ ఈ ట్రాన్స్‌ఫార్మరు. తెనాలిలో తూకం వేస్తానన్నది దీన్నే!

పంపించేముందు రెండు హెచ్చరికలు చేశాడు. ఒకటి: లోపల మూడు నాలుగొందల వోల్టులుంటాయి, స్విచ్ తీసేసినా కెపాసిటర్లలో కాసేపు నిలవుంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ మూత తీయొద్దు. రెండు: స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ పాట పెట్టొద్దు. వెళ్లాల్సిన శక్తికి దారి లేకపోతే ఆ ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు.

వాట్లు చూసి మోసపోకండి

మొదటి రోజు చూసింది అద్దాల షోరూము లాంటి షాపు. నిలువెత్తు స్పీకర్ల జత, చెక్కలాంటి తళతళ. 'రెండొందల వాట్లు సార్! మీ ముప్పై వాట్ల దానికి ఇవి పెడితే అదిరిపోద్ది' అన్నాడు సేల్స్ కుర్రాడు.

మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. స్పీకరు మీద రాసే వాట్లు అది ఇచ్చే శక్తి కాదు, తట్టుకోగలిగే శక్తి. బస్సు మీద 'యాభై మంది కూర్చొనుటకు' అని రాసినట్టన్నమాట. బస్సు ఎంత వేగంగా పోతుందో అందులో ఏముంది? చూడాల్సిన అంకె వేరే ఉంది. దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక వాటు ఇస్తే, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందన్న లెక్క అది. స్పీకరు వెనకో, కూడా వచ్చే కాగితంలోనో రాసి ఉంటుంది. అడిగితే ఆ కుర్రాడు వెతికి చూపించాడు: 84.

ఈ లెక్కలో ఓ మెలిక ఉంది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే యాంప్లిఫయరు రెట్టింపు వాట్లు ఇవ్వాలి. అంటే 84 స్పీకరు ఒక వాటుకి 84 డెసిబెల్స్ ఇస్తే, 87కి రెండు వాట్లు, 90కి నాలుగు, 93కి ఎనిమిది, 96కి పదహారు వాట్లు కావాలి. అదే 96 సెన్సిటివిటీ ఉన్న స్పీకరైతే? ఒక్క వాటు చాలు! మా పెట్టె ముప్పై వాట్లూ ఊడ్చిపెట్టి, గొంతు చించుకుని ఈ నిలువెత్తు స్పీకర్లలో తెప్పించే శబ్దాన్ని, అలాంటి స్పీకరులో రెండు వాట్లకే తెప్పించొచ్చు. మిగతా శక్తంతా పాటలో హఠాత్తుగా వచ్చే డోలు దెబ్బకి దాచుకోవచ్చు.

'ఇది ఎన్ని ఓంలు?' అన్నాను. 'నాలుగు సార్.' అది మరో తలనొప్పి. ఓంలంటే స్పీకరు కరెంటుకి చూపే అడ్డు. పైన నాలుగని, ఎనిమిదని ఒకే అంకె రాస్తారు కానీ పాటలో స్వరం మారినప్పుడల్లా అదీ మారుతుంటుంది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు దాన్ని పెద్దగా పట్టించుకోవు. వాల్వు యాంప్లిఫయరుకి స్పీకరు మీద పట్టు తక్కువ. ఓంలు పెరిగిన చోట శబ్దం కూడా ఉబ్బుతుంది, తగ్గిన చోట నీరసిస్తుంది. అందుకే ఓంలు మరీ ఎగిరెగిరిపడని, ఆరు కంటే కిందికి దిగని స్పీకరయితే వాల్వుకి సుఖం. నిలువెత్తు అందగాళ్లకి దండం పెట్టి బయటపడ్డాను.

ఊరంతా వినిపించిన రహస్యం

రెండో రోజు మైకుసెట్ల సామాన్ల షాపు. పైనుంచి వేలాడుతున్న హారన్లను చూడగానే పెదనాన్న కొబ్బరిచెట్లు గుర్తొచ్చాయి. ఒకటి తగిలించి చూద్దామంటే షాపాయన నవ్వాడు. 'ఇది ఇంట్లో పెడితే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు సార్' అన్నాడు. అయినా ఫోన్లో ఉన్న పాట వేసి వినిపించాడు. మాట కత్తిలా వచ్చింది. తబలా మాత్రం పూర్తిగా మాయం! గొంతు మోయడానికి పుట్టింది హారన్. కింది స్వరాలు దాని వల్ల కాదు.

కానీ ముప్పై వాట్లతో ఊరంతా ఎలా వినిపించేదో అక్కడే తెలిసింది. హారన్ సెన్సిటివిటీ నూరు డెసిబెల్స్ దాటి ఉంటుంది. చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని కేకేస్తే దూరం వినపడుతుంది కదా, అదే సూత్రం. ఆ రోజుల్లో వాట్లు ఖరీదు. అందుకే స్పీకరుని పొదుపుగా తయారుచేశారు. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1938లో తెచ్చిన 300బి అనే వాల్వు ఒక్కటీ ఇచ్చేది ఎనిమిది వాట్లే. 1932లో మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైన కాలంలో, సినిమాహాళ్లను మోగించిన యాంప్లిఫయర్ల శక్తి నేడు చిన్న పెళ్లి పందిట్లో వాడే వాటికంటే ఎంతో తక్కువ. పనంతా తెర వెనకున్న పెద్ద పెద్ద హారన్లదే. పాల్ క్లిప్ష్ అనే అమెరికన్ ఇంజినీరు 1946లో గది మూలనే హారన్లో భాగంగా వాడుకునే స్పీకరు తెచ్చాడు. కొద్దిపాటి వాట్లకే గదంతా నింపే ఆ నమూనా నేటికీ తయారవుతోంది.

మరి స్పీకర్లు ఎందుకు బద్ధకస్తులయ్యాయి? 1954లో అమెరికాలోనే ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన శబ్దం తెప్పించే ఉపాయం కనిపెట్టాడు. ఇళ్లలో చోటు కలిసొచ్చింది. కానీ ఆ చిన్న పెట్టె ఎక్కువ వాట్లు మింగేది. తర్వాత ట్రాన్సిస్టర్లొచ్చి వాట్లు చవకయ్యాయి. ఇక పొదుపు ఎవరికి కావాలి? చిన్న పెట్టె, లోతైన శబ్దం, తక్కువ వాట్లు... ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. మూడోది వదులుకోవాల్సిందే. ఏది వదులుకోవాలన్నదే అసలు ప్రశ్న. వాల్వు యాంప్లిఫయరు ఉన్నవాళ్లు తక్కువ వాట్లను వదులుకోలేరు. కాబట్టి పెద్ద పెట్టెకి చోటివ్వాలి, లేదా లోతైన శబ్దం మీద ఆశ కొంచెం తగ్గించుకోవాలి.

పెదనాన్నే పరీక్షాధికారి

మూడో రోజు పెదనాన్నని కూడా తీసుకెళ్లాను. మెట్రో లిఫ్టులో దిగి, నా మోచెయ్యి పట్టుకుని గల్లీలోకి వచ్చాడు. స్పీకర్ల వరసల మధ్య అడుగు పెట్టగానే చెయ్యి వదిలేశాడు!

ఈసారి వెళ్లింది విడి స్పీకర్లు అమ్మే పాత దుకాణానికి. తాత, తండ్రి తర్వాత ఇప్పుడు మూడో తరం నడుపుతోందట. పెదనాన్న కౌంటరు మీద పన్నెండంగుళాల స్పీకరొకటి బోర్లించి చూశాడు. కాగితపు కోను అంచుని వేలితో మెల్లగా నొక్కాడు. 'కోను తేలిగ్గా ఉంది, అంచు బిగువుగా ఉంది. ఇది తక్కువ కరెంటుకే పలుకుతుందిరా' అన్నాడు. కాగితం తీసి చూస్తే... 96 డెసిబెల్స్, ఎనిమిది ఓంలు. నేను రెండు రోజులు అంకెలతో కుస్తీ పట్టి తెలుసుకున్నది ఆయన వేలికి ఎప్పుడో తెలుసు!

షాపతను వెనక గదిలో పెద్ద ప్లైవుడ్ పెట్టెలో బిగించి ఉన్న అలాంటి స్పీకరునే మోగించాడు. 'అంకుల్‌గారూ, ఏ పాట పెట్టమంటారు?' అంటే పెదనాన్న పాట వద్దన్నాడు. 'ఎవరైనా మాట్లాడేది పెట్టు బాబూ' అన్నాడు. రేడియో వార్తలు పెట్టారు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. 'స, శ తేడా తెలియడం లేదు. పైన ఇంకో చిన్నది కావాలి' అన్నాడు. నిజమే. పన్నెండంగుళాల కోను పై స్వరాలు పలకలేదు. చిన్న హారన్ ట్వీటరు, దానికి కింది స్వరాలు పోకుండా ఆపే కెపాసిటరు కలిపారు. మళ్లీ అవే వార్తలు. ఈసారి పెదనాన్న తలూపాడు.

'రెండు తీసుకోండి సార్, స్టీరియో కదా' అన్నాడు షాపతను. నేను జేబు తడుముకునేలోపే పెదనాన్న అడ్డొచ్చాడు. మైకుసెట్టు యాంప్లిఫయరులో ఉండేది ఒకటే చానెల్. ఒక స్పీకరు చాలు. పైగా ఘంటసాల సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవే. సగం ఖర్చు అక్కడే మిగిలింది. పెట్టె మాత్రం అక్కడ కొనలేదు. మా వీధి చివర వడ్రంగి చేత, పెదనాన్న చెప్పిన కొలతలతో, మందపాటి ప్లైవుడ్‌తో చేయించాం. ఎత్తు మా అమ్మాయి భుజాల దాకా వచ్చింది. స్పీకరు, ట్వీటరు, చెక్క, కూలీ కలిపి తొమ్మిది వేల చిల్లరయింది. పెట్టెకి చోటు కోసం ఫోనులు పెట్టుకునే బల్ల హాల్లోంచి వెళ్లిపోయింది. అది వేరే గొడవ!

వైరు ఎక్కడ తగిలించాలి?

యాంప్లిఫయరు వెనక నాలుగు మేకులున్నాయి: 4, 8, 16, 100. మొదటి మూడూ ఓంలు. ఎనిమిది ఓంల స్పీకరు వైరు ఎనిమిది దగ్గర తగిలించాలి, అంతే. నాలుగోది ఓంలు కాదు, నూరు వోల్టులు. ఊరి చివరి దాకా సన్నటి వైరు లాగాల్సి వచ్చినప్పుడు, శక్తి దారిలోనే ఖర్చయిపోకుండా వోల్టేజీ పెంచి పంపే ఏర్పాటు అది. కరెంటు స్తంభాల మీద చేసేదీ ఇదే పని. అక్కడ ప్రతి హారనుకీ సొంత చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. తెలియక ఇంటి స్పీకరుని ఆ మేకుకి తగిలిస్తే స్పీకరుకీ ప్రమాదమే, యాంప్లిఫయరుకీ ప్రమాదమే. పాత మైకుసెట్టు ఎవరింట్లోనైనా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

పాతది కాకుండా కొత్త వాల్వు యాంప్లిఫయరు కొనాలనుకునేవాళ్లకీ లెక్క ఇదే. ఎనిమిది వాట్ల లోపుదైతే స్పీకరు 95 డెసిబెల్స్‌కి తగ్గకుండా చూసుకోండి. పదిహేను వాట్లుంటే 90కి పైన. ముప్పై నలభై వాట్లుంటే, గది చిన్నదైతే 87, 88 ఉన్నా సర్దుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా షాపువాళ్లు పెట్టే పాట కాదు, మీకు కంఠతా వచ్చిన పాట పట్టుకెళ్లండి. వీలైతే మీ యాంప్లిఫయరునే మోసుకెళ్లండి. రెండూ కలిసి ఎలా పలుకుతాయో ఏ కాగితంలోనూ ఉండదు.

ఇంతే చాలు

ఆదివారం సాయంత్రం ముహూర్తం పెట్టాం. పెదనాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. వైరు రెండుసార్లు లాగి చూసి, స్విచ్ వేశాడు. వాల్వుల్లో తీగలు మెల్లగా ఎర్రబడ్డాయి. 'తొందరపడకండి, వేడెక్కాలి' అన్నాడు. నిమిషం గడిచింది. 'గ్రామఫోన్' అని రాసి ఉన్న చోట నా ఫోను వైరు పెట్టాను. 'మాయాబజార్'లో పడవ పాట. పెద్దమ్మకి ఇష్టమైన పాట.

ఘంటసాల, లీల హాల్లోకి వచ్చి పక్కన కూర్చుని పాడుతున్నట్టుంది. అదిరిపోయే బాస్ లేదు. గోడలు వణకలేదు. కానీ ఒక్కో మాట విడివిడిగా, చేత్తో తీసుకునేలా ఉంది. పెదనాన్న పాట మొత్తం అయ్యేదాకా ఎవరి వైపూ చూడలేదు.

వాల్యూమ్ బిరడా మీద సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయి. ఆ రోజుల్లో ఎనిమిదికి తక్కువ పెట్టేవాడు కాదట. రెండో పాట మొదలవగానే మూడు దగ్గరున్న బిరడాని రెండుకి తగ్గించాడు.

'తాతయ్యా, ఇంకా పెంచు!' అంది మా అమ్మాయి.

'ఊరికి వినిపించాలా ఏంటే? మనకే కదా' అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, 'రేపు పొద్దున వార్తలు కూడా దీంట్లోనే పెట్టరా. మాటలు తెలుస్తున్నాయి' అన్నాడు.